అర్జీ ఆపుదాం, దరఖాస్తు రాద్దాం

పోస్టు పొడుగ్గా ఉంటాది. ఉద్యోగాలకి అప్లై చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ చివరిదాకా చదవండి. కోపం వస్తే తిట్టండి, కానీ చదివి తిట్టండి.

పోయిన నెల ఈ గ్రూపులోనే అడిగాం: "ప్రైవేటు ఉద్యోగానికి మీరు పంపిన కవర్ లెటర్ మాకు పంపండి, కూర్చుని చూద్దాం" అని. పంతొమ్మిది వచ్చాయి. ఒక ఆదివారం నరసన్నపేటలో మనవాళ్ల గదిలో చాప పరుచుకుని అయిదుగురం కూర్చున్నాం. గంటలో అయిపోద్దనుకున్నాం. సాయంత్రం దాకా పట్టింది. ఉత్తరాలు పొడుగని కాదు, మధ్య మధ్యలో చదవడం ఆపేసి ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకోవాల్సి వచ్చింది.

ఎక్కువ ఉత్తరాలు ఒకే వాక్యంతో మొదలయ్యాయి: "నేను మారుమూల గ్రామంలో నిరుపేద గిరిజన కుటుంబంలో పుట్టాను." కొన్నిట్లో అక్షరదోషాలు కూడా ఒక్కటే, అంటే ఒకే నెట్ సెంటర్లో ఒకే ఫైలు. రెండిట్లో వేరే కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది. ఒక తమ్ముడు స్కూల్లో పీఈటీ పోస్టుకి పంపిన లెటర్లో "మీ సంస్థ సాఫ్ట్‌వేర్ రంగంలో చేస్తున్న కృషి" అని ఉంది. మేం నవ్వలేదు. మేమూ ఒకప్పుడు ఇలాంటివే పంపేం.

అన్నిటికన్నా మనసు కష్టమైంది ఒక చెల్లి ఉత్తరం. సవర పిల్ల. బీఎస్సీ నర్సింగ్ చదివింది, ఏడాది పైగా ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. ప్రసూతి వార్డులో రాత్రి డ్యూటీలు చేసింది. ఉత్తరం నిండా ఏముందంటే: నాన్న అప్పు, అమ్మ ఆరోగ్యం, పెళ్లికాని చెల్లెళ్లు, చివర్లో "తమరు దయతలిస్తే జీవితాంతం రుణపడి ఉంటాను." ఆమె నర్సు అన్న సంగతి రెజ్యూమె తిరగేస్తే తప్ప తెలీదు.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ఉత్తరమే.

ఆ చెల్లిని మేం తప్పుపట్టడం లేదు. మనకి చిన్నప్పట్నించీ తెలిసిన ఉత్తరం ఒక్కటే, అర్జీ. రోడ్డు కావాలన్నా, కరెంటు కావాలన్నా, పింఛను ఆగిపోయినా, హాస్టల్లో సీటు కావాలన్నా, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా రాకపోయినా అర్జీయే. సోమవారం కలెక్టరాఫీసు దగ్గరా, ఐటీడీఏ దగ్గరా మన పెద్దవాళ్లు పట్టుకుని నిలబడే కాగితం చూడండి. అందులో కష్టం ముందు రాస్తారు, అడిగేది చివర్లో రాస్తారు. రాసిపెట్టేవాళ్లు కూడా "దయతలచి" అన్న మాట లేకుండా కాగితం ముగించరు. మన అమ్మానాన్నలు వేలిముద్ర వేసిన అర్జీలు మనమే మోసుకెళ్లాం. మన చేతికి ఆ పద్ధతే అలవాటైంది.

నిజానికి అర్జీలో కూడా బతిమాలాల్సిన పని లేదు. పట్టా మన హక్కు, రేషను మన హక్కు. అయినా అర్జీలో కష్టం చెప్పుకోవడానికి ఒక అర్థం ఉంది, ఎందుకంటే ప్రభుత్వం మనకి బాకీ ఉంది. ప్రైవేటు ఆసుపత్రి, స్కూలు, కంపెనీ మనకి బాకీ లేవు. వాళ్ల దగ్గర చెయ్యాల్సిన పని ఒకటి ఉంది, అది చేసే మనిషి కావాలి. ఉత్తరం చదివేవాడి బుర్రలో ఉండే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి వస్తే ఈ పని జరుగుతాదా? మన అప్పుల కథ ఆ ప్రశ్నకి జవాబు కాదు. చదివినవాడికి జాలి వేస్తే వేస్తాది. జాలిపడినవాడు ఉద్యోగం ఇవ్వడు, "పాపం" అని పక్కన పెడతాడు.

ఇప్పుడే ఎందుకు ఈ గొడవ అంటే, మనకి కాలం మారిపోయింది. మన అన్నలూ అక్కలూ డీఈడీయో బీఈడీయో చేస్తే ఏజెన్సీ బడిలో టీచరు ఉద్యోగం వస్తాదన్న నమ్మకం ఒకటి ఉండేది. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. దాని మీద పోరాటం ఆగలేదు, ఆగకూడదు, మేమూ అందులో ఉన్నాం. కానీ ఒక మాట ఒప్పుకుందాం. రాష్ట్ర ఉద్యోగాల్లో మన వాటా 6 శాతం. నోటిఫికేషన్ వస్తే గానీ ఆ 6 శాతానికీ అర్థం లేదు. మన శ్రీకాకుళం జిల్లాలో చాలా సవర ఊళ్లు అసలు షెడ్యూల్లోనే లేవు. ఇక ప్రైవేటులో రిజర్వేషనే లేదు.

మన చుట్టూ చూడండి. మూలపేటలో పోర్టు అంటున్నారు, భోగాపురంలో విమానాశ్రయం అంటున్నారు. పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి, విశాఖ నిండా ఆసుపత్రులున్నాయి. కొండ దిగి నరసన్నపేటలో బస్సెక్కితే హైవే మీద ఇటో అటో ఇవన్నీ తగుల్తాయి. వీటిలో కూలిపనికి మనల్ని పిలవడానికి ఎవరికీ లెటర్ అక్కర్లేదు, మేస్త్రీ ఫోన్ చేస్తే చాలు. కుర్చీలో కూర్చునే పనికీ, తెల్లకోటు వేసుకునే పనికీ, సూపర్‌వైజర్ పనికీ మాత్రం కాగితం అడుగుతారు. ఆ కాగితం దగ్గరే మనం ఓడిపోతే జీవితమంతా మేస్త్రీ ఫోన్ కోసమే చూడాలి.

ఇలా అంటే మనవాళ్లు రెండు మాటలు అంటారు. రెండూ తీసెయ్యాల్సినవి కాదు.

మొదటిది: "లెటర్ ఎవడు చదువుతాడు అన్నా, అంతా రికమెండేషనే." సగం నిజం. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, రైల్వేకీ, బ్యాంకు పరీక్షలకీ కవర్ లెటర్ అక్కర్లేదు, ఫారం నింపితే చాలు. ఫ్యాక్టరీ వాక్-ఇన్‌లో కూడా చదవరు. అక్కడ దాని మీద టైం పెట్టకండి. కానీ ప్రైవేటు స్కూళ్లు, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు, యూనివర్సిటీ ప్రాజెక్టులు, పత్రికలు, చిన్న చిన్న కంపెనీలు, ఇంటర్న్‌షిప్‌లు, ఇవన్నీ ఈమెయిల్ మీద నడుస్తాయి. ఈమెయిల్ తెరిస్తే రెజ్యూమె కన్నా ముందు కనిపించేది మీరు రాసిన నాలుగు ముక్కలే. అందరూ ఒకటే టెంప్లేటు పంపితే చదవరన్నది నిజమే. ఆ అందరిలో మనం ఎందుకుండాలి?

రెండోది: "మన ఇంటిపేరు చూస్తేనే పక్కన పడేస్తారు." ఇది ఇంకా గట్టి మాట. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటివెల్ అనే పరిశోధకులు పేపర్లో పడ్డ ఉద్యోగ ప్రకటనలకి ఒకే రకం చదువుతో వేరువేరు పేర్ల మీద దరఖాస్తులు పంపి చూశారు. అది 2007లో అచ్చయింది. దళిత ఇంటిపేరు ఉన్నవాళ్లకి పిలుపులు తక్కువ వచ్చాయి, ముస్లిం పేరు ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. అందరికీ తెలిసిన పెద్ద ప్రైవేటు కంపెనీల సంగతి అది. అందుకే ప్రైవేటులో రిజర్వేషన్ అడుగుతున్నాం. అడుగుతూనే ఉంటాం.

అయితే దీన్నించి కొందరు ట్రైనర్లు పిల్లలకి చెప్పే పాఠం ఒకటుంది: "ఊరి పేరు రాయకు, వైజాగ్ అని రాయి. సవర వచ్చని రాయకు, చులకన అయిపోతావ్." దీనికి మేం పూర్తిగా వ్యతిరేకం. ఊరు దాచుకుని సంపాదించిన ఉద్యోగంలో రోజూ దాక్కుంటూనే బతకాలి. అలాగని మొదటి వాక్యంలోనే "నేను గిరిజనుణ్ణి, పేదవాణ్ణి" అని రాయడం కూడా ఆత్మగౌరవం కాదు. కులం గడి ఉన్న ఫారంలో కులం రాస్తాం, సర్టిఫికెట్ అడిగితే ఇస్తాం. ఉత్తరంలో మాత్రం మనం చేసిన పని ముందు నిలబడాలి. సవర, కువి, ఒడియా మాట్లాడగలం అన్నది జాలి కోసం చెప్పే సంగతి కాదు, అది పనితనం. మందస కొండల నుంచో, మెళియాపుట్టి నుంచో వచ్చిన ముసలమ్మ నొప్పి ఎక్కడో చెప్పలేక కూర్చుంటే, ఆ మాట డాక్టరుకి అందించగలిగిన నర్సు ఆ ఆసుపత్రికి ఎంత అవసరమో మీరే ఆలోచించండి. ఆ అవసరం వాళ్లకి తెలీదు. మనం రాస్తేనే తెలుస్తాది.

ఇక్కడ ఒక పాత ఉత్తరం గుర్తుచేస్తాం. 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమస్తా ఉద్యోగానికి ఒక కుర్రాడు దరఖాస్తు పెట్టాడు. అప్పటికి మన నరసన్నపేట కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవాడు, డిగ్రీ లేదు. ఆ ఉత్తరంలో మెట్రిక్ పాసయ్యాననీ, ఎఫ్.ఏ. దాకా చదివి పరిస్థితులు బాగోక ఆపేశాననీ, అప్పట్నించీ లెక్కల మీదే పనిచేస్తున్నాననీ, ఈ ఉద్యోగం చెయ్యగలననీ చెప్పాడు. ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసరు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫార్సు జతచేశాడు. మార్చి 1న నెలకి 30 రూపాయల జీతం మీద చేరాడు. ఆయనే శ్రీనివాస రామానుజన్. మరుసటి ఏడాది జనవరి 16న ఇంగ్లండులో హార్డీకి రాసిన ఉత్తరం కూడా అదే తీరు: నేనెవరో రెండు ముక్కలు, ఆ తర్వాత పేజీలకి పేజీలు చేసిన లెక్కలు. పేదవాణ్ణి అన్న మాట ఉంది, కానీ చివర్లో, ఒక్కసారే.

"ఆయన మనలాంటోడా? వెనకాల కలెక్టర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు" అంటారు. నిజమే. నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు అంతకుముందు ఆయనకి నెలనెలా డబ్బిచ్చి ఆదుకున్నాడు. పోర్టు ట్రస్టులోనే నారాయణ అయ్యర్ ఉన్నాడు. మనకి అంతటివాళ్లు లేరు. కానీ మన పని చూసిన మనిషి ఒకరైనా ఉంటారు కదా: కాలేజీ లెక్చరరు, వార్డు ఇన్‌చార్జి సిస్టరు, ఎన్నెస్సెస్ ఆఫీసరు, హాస్టల్ వార్డెను. వాళ్లని అడిగి, ఒప్పుకుంటే పేరూ నంబరూ ఇవ్వడానికి మనకి సిగ్గెందుకు? రికమెండేషన్ అంటే ఎమ్మెల్యే ఉత్తరమే అని ఎవరు చెప్పారు మనకి?

ఇంకొక మాట, భాష సంగతి. మాలో ఒకడికి జరిగింది చెప్తాం. నెట్ సెంటరాయన ఇచ్చిన లెటర్లో "సినర్జీ" అన్న మాట ఉంది. పంపేశాడు. ఇంటర్వ్యూకి పిలిచారు కూడా. అక్కడ పెద్దాయన నవ్వుతూనే అడిగాడు, "సినర్జీ అంటే ఏంటి బాబూ, నీ మాటల్లో చెప్పు" అని. మావాడు నోరు విప్పలేదు. ఆ తర్వాత అడిగినవి తెలిసిన ప్రశ్నలే, వాటికీ విప్పలేదు. బయటికొచ్చి, "నా లెటరే నన్ను దొంగని చేసీసింది" అన్నాడు.

మన పక్కన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు దేనికోసం పోట్లాడారు? మనుషులు మాట్లాడే భాషలో రాయనివ్వండి, చదువు చెప్పనివ్వండి అనే కదా. ఆయన సవరల మధ్యకి వెళ్లి, సవర మాట్లాడేవాళ్లని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద పుస్తకం తెచ్చారు, తర్వాత నిఘంటువు కూడా. ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండ వేసి, సెప్టెంబరు 1న నెట్ సెంటర్లో మనకే అర్థంకాని ఇంగ్లీషు కొనుక్కుంటే ఆ దండకి అర్థం లేదు. ఉత్తరం ఇంగ్లీషులో ఉండాలంటే ఉండనీ. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు. నోటితో చెప్పలేని మాట కాగితం మీద పెట్టకండి. ఇప్పుడు ఫోన్లోనే కృత్రిమ మేధ యాప్‌లు లెటర్లు రాసిస్తున్నాయి. తప్పులు దిద్దించుకోండి, తప్పులేదు. కానీ మీరు ఏ వార్డులో ఎన్ని రాత్రులు మేలుకున్నారో దానికి తెలీదు. మీరు చెప్పకపోతే అది కూడా నెట్ సెంటర్ లెటరే రాస్తాది.

మరి ఎలా రాయాలి? మేం కోచింగ్ సెంటర్ కాదు. తెలిసింది చెప్తాం. ముందు ప్రకటన రెండుసార్లు చదవండి. వాళ్లు అడిగిన పనులు కాగితం మీద ఒక వరసలో రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా మీరు చేసింది రాయండి. "కష్టపడి పనిచేస్తాను" అనేది చేసిన పని కాదు, ఎవడైనా రాస్తాడు. హాస్టల్ మెస్ కమిటీలో నెల లెక్కలు రాశారా? సంతలో చింతపండు తూకం దగ్గర కూర్చుని ఊరందరి లెక్క చూశారా? ఆశా అక్కతో తిరిగి టీకాల గురించి సవరలో చెప్పారా? అవన్నీ పనులే. ఎన్ని నెలలు, ఎంతమందికి, దానివల్ల ఏం మారింది, ఇవి కలిపి రాయండి. అబద్ధం ఒక్కటి కూడా వద్దు, ఇంటర్వ్యూలో దొరికిపోతాం. అడిగినవాటిలో మీకు రానిది ఉంటే దాని గురించి సాగదీయకండి. "నేర్చుకుంటున్నాను" అన్నది నిజమైతేనే రాయండి.

తర్వాత ఉత్తరం. ఒక పేజీ దాటొద్దు. ఏ పోస్టు, ప్రకటన ఎక్కడ చూశారు, మొదటి వాక్యంలోనే రావాలి. రెండో పేరాలో ఆ పోస్టుకి పనికొచ్చే రెండు మూడు పనులు. చివర్లో ఎప్పుడు చేరగలరు, మీ పని గురించి ఎవర్ని అడగొచ్చు. కొండమీద సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంకొక నంబరు కూడా ఇవ్వండి. ఫైలుకి మీ పేరూ పోస్టు పేరూ పెట్టండి. పంపేముందు కంపెనీ పేరు సరిగ్గా ఉందో లేదో ఇంకొకళ్లకి చూపించండి.

నర్సు చెల్లితో కూర్చుని మళ్లీ రాయించాం. మేం అడిగాం, ఆమె చెప్పింది, ఆమే రాసింది. ఆమె ఒప్పుకుంది కాబట్టి తెలుగులో పెడుతున్నాం:

"నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి, నమస్కారం. మీ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టుకి ఈ నెల 4న వచ్చిన ప్రకటన చూసి దరఖాస్తు చేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదయ్యాను. 14 నెలలుగా 30 పడకల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. అందులో 8 నెలలు ప్రసూతి వార్డులో రాత్రి డ్యూటీ చేశాను. డ్యూటీ మారేటప్పుడు ఒక్కో బాలింత వివరాలు తర్వాతి నర్సుకి అందేలా ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు వార్డులో అందరూ దాన్నే వాడుతున్నారు. తెలుగు, సవర, ఒడియా మాట్లాడతాను. ఏజెన్సీ గ్రామాల నుంచి వచ్చే గర్భిణులకి డాక్టరు గారు చెప్పింది వాళ్ల భాషలో చెప్పి, వాళ్లు చెప్పింది డాక్టరు గారికి చెప్పగలను. 30 రోజుల నోటీసు తర్వాత చేరగలను. మా వార్డు ఇన్‌చార్జి గారి అనుమతితో ఆమె నంబరు రెజ్యూమెలో ఇచ్చాను."

ఇంతే. ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క బతిమాలడం లేదు. ఆ పుస్తకం సంగతి మేం అడిగేదాకా ఆమెకే గుర్తులేదు. "అదీ రాత్తారా? అది పనేటి, అలా చేసేసేను గానీ" అంది. మన పిల్లలందరి దగ్గరా ఇలాంటి "అలా చేసేసేను" పనులు బోలెడున్నాయి. వాటిని పని అని ఎవరూ చెప్పలేదు మనకి.

ఎవరూ చెప్పలేదు అన్నాం కదా, ఆ తప్పు ఎవరిదో కూడా అడుగుదాం. డిగ్రీ అయ్యేదాకా మన పిల్లలు రాసే ఉత్తరం జ్వరం వచ్చింది సెలవివ్వండి అన్నదొక్కటే. శిక్షణా కేంద్రాల్లో ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పుతున్నారు, టై కట్టుకోవడం నేర్పుతున్నారు. ఒక్కో పిల్ల చేత ఒక్క ఉత్తరం రాయించి, చదివి, దిద్ది ఇచ్చారా? గిరిజన హాస్టళ్లలో, ఐటీడీఏ యువజన శిక్షణా కేంద్రాల్లో ఆఖరి ఏడాది పిల్లలందరిచేతా ఇది చేయించాలని మనం అడగాలి. ఇది ఖర్చులేని పని. అడిగేది అర్జీ రూపంలోనే అయినా సరే, అందులో "దయతలచి" మాత్రం రాయొద్దు.

సగం తప్పు మనది, ఉద్యోగాలొచ్చిన సీనియర్లది. జాబ్ రాగానే గ్రూపులో మిఠాయి ఫొటో పెట్టాం, అభినందనలు తీసుకున్నాం. జూనియర్ ఒకడు "అన్నా, నా లెటర్ ఒకసారి చూడవా" అని మెసేజ్ పెడితే "బిజీ తమ్ముడూ, తర్వాత" అన్నాం. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. పై కులాల పిల్లలకి ఇంట్లో మామయ్యో పిన్నో చూసిపెడతారు. మనలో చాలామంది ఇంట్లో మొదటి డిగ్రీ మనదే. ఆ మామయ్య పని గ్రూపే చెయ్యాలి. ఉద్యోగంలో ఉన్న ప్రతి ఒక్కరూ నెలకి రెండు ఉత్తరాలు చూస్తామని ఇక్కడే, కామెంట్లో, పేరుతో రాయండి. లైకులు వద్దు.

నర్సు చెల్లికి ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. రాలేదు. పంపి మూడు వారాలైంది, ఇంకా పిలుపు లేదు. రాకపోవచ్చు కూడా. ఉత్తరం మంత్రం కాదు, మేం అలా చెప్పడం లేదు. కానీ ఫోన్లో ఆమె అన్న మాట ఇది: "అన్నా, పిలిస్తే ఏటి మాటాడాలో ఇప్పుడు నాకు తెలుసు."

వచ్చే ఆదివారం నరసన్నపేటలో మళ్లీ కూర్చుంటున్నాం. ఎక్కడో ఏ టైమో గ్రూపులో పెడతాం. సారవకోట, మెళియాపుట్టి, పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు తిరుగు బస్సు చూసుకుని రండి. ఒక ప్రకటన తెచ్చుకోండి, తెల్లకాగితం తెచ్చుకోండి. నెట్ సెంటర్ లెటర్ మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి రండి.

జై ఆదివాసీ.